రెండు తీగల కింద నడిచిన రైలు: ఉత్తర ఇటలీలోని వాల్తెల్లీనా లైన్ చరిత్ర

అడిగిన ప్రశ్న ఇది: "మన డబ్ల్యూఏపీ-7 ఎలక్ట్రిక్ ఇంజిన్‌ని త్రీ-ఫేజ్ లోకో అంటారు కదా, మరి పైన కాంటాక్ట్ వైర్ ఒక్కటే ఎందుకుంటుంది? ఇటలీలో 1900 ప్రాంతంలోనే పైన రెండు తీగలు కట్టి త్రీ-ఫేజ్ రైళ్లు నడిపారని ఎక్కడో చదివాను. ఆ లైన్ ఎక్కడుంది, ఎందుకు అలా కట్టారు, తర్వాత ఎందుకు తీసేశారు? ఇప్పుడు వెళ్తే చూడటానికి ఏమైనా మిగిలిందా?"

చాలా ఏళ్లు ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ట్యాప్ చేంజర్ లోకోలూ (ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మెట్లుమెట్లుగా మార్చి డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు మోటర్లను నడిపేవి), వాటి తర్వాత వచ్చిన త్రీ-ఫేజ్ లోకోలూ రెండూ నా చేతుల మీదుగా వెళ్లినవే. అందుకే ఈ ప్రశ్న చూడగానే తీరిగ్గా రాయాలనిపించింది. మీరు చదివింది నిజమే. ఆ లైన్ పేరు వాల్తెల్లీనా. ముందే ఒక్క మాటలో చెప్పేస్తాను: 1902లో అక్కడ ఎంచుకున్న ఇండక్షన్ మోటర్ సరైనదే. ఆ మోటర్‌కి కావలసిన మూడు ఫేజులనూ, అంటే ఒకదాని వెనక ఒకటి ఎగిసిపడే మూడు ఏసీ కరెంట్లనూ, రైలు బయటి నుంచే తెచ్చివ్వాల్సి రావడమే చిక్కయింది. ఆ మూడు ఫేజులను లోకో లోపలే తయారుచేసుకునే దారి దొరికాక అదే మోటర్ మళ్లీ వచ్చింది. మన డబ్ల్యూఏపీ-7లో ఉన్నది దాని వంశమే.

ముందు ఊళ్లు చెబుతాను, లేకపోతే కథ అర్థం కాదు. మిలాన్‌కి ఉత్తరంగా కోమో సరస్సు ఉంది. తలకిందులు చేసిన ఇంగ్లీష్ వై అక్షరంలా ఉంటుంది, కింద రెండు కాళ్లు. కుడికాలి చివర లెక్కో పట్టణం, పైకొసన కోలికో. కోలికో దగ్గర తూర్పు నుంచి అద్దా నది వచ్చి సరస్సులో కలుస్తుంది. ఆ నది దిగివచ్చే పొడవాటి లోయే వాల్తెల్లీనా. లోయలో మోర్బెన్యో, జిల్లా కేంద్రం సోండ్రియో, ఇంకా పైన స్విట్జర్లాండ్ సరిహద్దుకు ఆనుకుని తిరానో. ఉత్తరం వైపు కొండల ఎత్తుపల్లాల మీద రాతి గోడలు కట్టి మెట్లుమెట్లుగా వేసిన ద్రాక్షతోటలు. కోలికో నుంచే ఇంకో చిన్న లోయ నేరుగా ఉత్తరానికి కియావెన్నా దాకా పోతుంది.

రైలు వచ్చిన వరుస కాస్త విచిత్రం. ముందు లోయ లోపలి భాగం వచ్చింది, దాన్ని బయటి ప్రపంచంతో కలిపే భాగం చివర్లో వచ్చింది. కోలికో-సోండ్రియో లైన్ 1885లో మొదలైంది, కోలికో-కియావెన్నా మరుసటి ఏడాది. అప్పటికి లెక్కో నుంచి కోలికోకి పట్టాలే లేవు. జనం సరస్సు మీద స్టీమర్‌లో కోలికోకి వచ్చి అక్కడ రైలెక్కేవాళ్లు. కారణం ఒడ్డు స్వరూపమే. సరస్సు తూర్పు ఒడ్డున కొండ నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది, వరసగా సొరంగాలు తొలిచి గానీ లైన్ వేయలేరు. లెక్కో నుంచి బెల్లానో దాకా 1892లో, అక్కడి నుంచి కోలికో దాకా 1894లో పూర్తయింది. కియావెన్నా బ్రాంచ్ వెనక పెద్ద ఆశే ఉండేది. స్ప్లూగెన్ కనుమ కింద సొరంగం తొలిచి స్విట్జర్లాండ్‌లోకి దాటాలనుకున్నారు. కానీ 1882లోనే గోట్‌హార్డ్ లైన్ తెరిచేశారు, ఆల్ప్స్ దాటే సరుకంతా అటు మళ్లింది. స్ప్లూగెన్ రైలు కాగితం మీదే ఆగిపోయింది, కియావెన్నా ఈరోజుకీ లైన్‌కి చివరి స్టేషనే.

అంటే 1890ల చివరికి అదొక మామూలు బ్రాంచ్ లైన్. సింగిల్ లైన్, ట్రాఫిక్ తక్కువ, సొరంగాలు ఎక్కువ. అలాంటి చోట ప్రపంచం తలతిప్పి చూసే ప్రయోగం ఎందుకు జరిగిందంటే, జవాబు బొగ్గులో ఉంది.

ఇటలీకి చెప్పుకోదగ్గ బొగ్గు లేదు. ఇంజిన్లలో వేసే బొగ్గు చాలావరకు బ్రిటన్ నుంచి ఓడల్లో రావాల్సిందే. బొగ్గు ధర పెరిగితే రైల్వే ఖర్చు పెరుగుతుంది, సరఫరా ఆగితే రైలే ఆగుతుంది. మరోవైపు ఆల్ప్స్ నుంచి దూకే నీళ్లకు కొదవ లేదు. నీళ్లతో కరెంటు తీయొచ్చని అప్పటికే రుజువైంది. రైలు ఇంజిన్‌ని నడపాలంటే ఆ కరెంటును ఏ రూపంలో, ఎంత వోల్టేజీలో, ఎలా అందించాలనేదే ప్రశ్న. 1897లో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అప్పట్లో ఇటలీ రైళ్లను 1885 ఒప్పందాల ప్రకారం ప్రైవేటు కంపెనీలు నడిపేవి. ఉత్తరాన, మధ్యలో పెద్దవి రెండు: రేతే మెదితెర్రానేయా, రేతే అద్రియాతికా. వీటికి ప్రయోగాలు పంచారు. మిలాన్-మోంజా మధ్య బ్యాటరీతో నడిచే బోగీ ఒకటి. మిలాన్ నుంచి వరేసే మీదుగా పోర్తో చెరేజియో దాకా 1901-02లో థర్డ్ రైల్ (పట్టాల పక్కన కరెంటు పారే మూడో పట్టా), 650 వోల్టుల డీసీ, అది మెదితెర్రానేయా వాళ్లది. అద్రియాతికా వాళ్లు వాల్తెల్లీనాని, దాంతో పాటే త్రీ-ఫేజ్‌ని ఎంచుకున్నారు.

ఆ ఎంపికలో తెలివి ఉంది. ప్రయోగం తేడాకొట్టినా దేశం స్తంభించని లైన్ అది. సొరంగాల్లో పొగ బాధ ఉంది కాబట్టి లాభం వెంటనే తెలుస్తుంది. పవర్ హౌస్ కట్టడానికి అద్దా నది పక్కనే ఉంది.

పని తీసుకున్నది బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీ, ముందుండి నడిపింది కాల్మాన్ కాండో అనే హంగేరియన్ ఇంజినీర్. 1869లో పుట్టాడు, పని మొదలయ్యేసరికి ముప్ఫై ఏళ్లవాడు. రైళ్లలో త్రీ-ఫేజ్ వాడకం అంతకుముందే ఉంది. స్విట్జర్లాండ్‌లో బుర్గ్‌డోర్ఫ్-టూన్ లైన్ 1899లోనే త్రీ-ఫేజ్‌తో నడిచింది, కానీ అక్కడ వోల్టేజీ 750 మాత్రమే. అంత తక్కువ వోల్టేజీతో పొడవాటి లైన్‌కి, బరువైన రైళ్లకి పవర్ అందించలేం. తీగలో నష్టమే మింగేస్తుంది. కాండో ఏకంగా 3,000 వోల్టులు తీగలోకి ఎక్కించాడు. కాబట్టి "ప్రపంచంలో మొదటి త్రీ-ఫేజ్ రైలు" అని వాల్తెల్లీనా గురించి ఎక్కడైనా కనిపిస్తే అది తప్పు. హై వోల్టేజీ త్రీ-ఫేజ్‌తో రోజువారీ ప్రయాణికుల, గూడ్స్ సర్వీసు నడిపిన మొదటి మెయిన్‌లైన్ తరహా రైల్వే అంటే సరిపోతుంది.

1902 సెప్టెంబర్ 4న కరెంటు రైళ్లు మొదలయ్యాయి. లెక్కో-కోలికో-సోండ్రియో, కోలికో-కియావెన్నా కలిపి 106 కిలోమీటర్లు. మోర్బెన్యో పక్కన కాంపోవికో దగ్గర అద్దా మీద జలవిద్యుత్ కేంద్రం. అక్కడి నుంచి 20,000 వోల్టుల లైన్ పట్టాల వెంబడి పోతుంది, మధ్యమధ్యలో సబ్‌స్టేషన్లు దాన్ని 3,000కి దించి పైతీగలకిస్తాయి. ఇప్పుడు మన ట్రాక్షన్ సబ్‌స్టేషన్లు చూసి అలవాటైన కళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. 1902లో మాత్రం ఇది చాలా కొత్త ఏర్పాటు. ప్రయాణికుల కోసం మోటర్లు బిగించిన బోగీలు, గూడ్స్ కోసం విడిగా రెండు లోకోమోటివ్‌లు. ఆ లోకోలకే తర్వాత ఈ.430 అనే నంబర్ వచ్చింది.

ఇక మీ ప్రశ్నలో అసలు భాగం. త్రీ-ఫేజ్ అంటే మూడు తీగలు కావాలి. పైన రెండు తీగలు రెండు ఫేజులు, కింద పట్టాలే మూడో ఫేజ్. లోకో నెత్తిమీద పక్కపక్కనే రెండు తీగలను తాకే కలెక్టర్. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ కూడా లేదు. 3,000 వోల్టులు నేరుగా మోటర్ స్టేటర్ (కదలని బయటి భాగం) వైండింగ్‌లోకే. ఇన్సులేషన్ అంటే కాటన్, మైకా, వార్నిష్ మాత్రమే ఉన్న రోజుల్లో కదిలే బండిలో అంత వోల్టేజీ మోటర్ నడిపారంటే ఆ వైండింగ్ కట్టినవాళ్లకి చేతులెత్తి మొక్కాలి.

ఇండక్షన్ మోటర్‌ని ఎందుకు అంతగా కోరుకున్నారో చెప్పాలంటే, డీసీ మోటర్లతో వేగినవాళ్లని అడగండి. డీసీ మోటర్లున్న డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏపీ-4 లోకోల రోజుల్లో మా టైమ్ ఎంత కమ్యుటేటర్ (మోటర్‌లో తిరిగే భాగానికి కరెంటు దిశ మార్చిమార్చి అందించే రాగి ముక్కల చక్రం) దగ్గర, కార్బన్ బ్రష్‌ల దగ్గర పోయేదో లెక్కలేదు. బ్రష్ అరుగుతుంది, దుమ్ము పడుతుంది, ఫ్లాష్ ఓవర్ (మెరుపులా షార్ట్) అవుతుంది, మోటర్ కిందికి దించాలి. ఇండక్షన్ మోటర్‌లో ఆ గొడవే లేదు. వాల్తెల్లీనా మోటర్లకి స్లిప్ రింగులు (తిరిగే భాగమైన రోటర్‌ని బయటి సర్క్యూట్‌తో కలిపే నున్నటి రింగులు) ఉన్నాయి గానీ కమ్యుటేటర్ లేదు. పైగా ఈ మోటర్‌కి మూలమైన తిరిగే అయస్కాంత క్షేత్రం అనే సూత్రాన్ని 1885లో టురిన్‌లో గలీలియో ఫెరారిస్ చేసి చూపించాడు, 1888లో ప్రచురించాడు. అదే ఏడాది టెస్లా పేటెంట్లూ వచ్చాయి. ఇటలీవాళ్లకి ఈ మోటర్ మీద ఉన్న మక్కువకి అదీ ఒక కారణమని నా నమ్మకం.

కానీ ఆ మోటర్‌కి ఒక మొండితనం ఉంది. దాని వేగం సప్లై ఫ్రీక్వెన్సీని (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఎగిసిపడుతుందో, హెర్ట్జ్‌లో) బట్టి, మోటర్‌లోని పోల్స్ (అయస్కాంత ధ్రువాల) సంఖ్యను బట్టి ఉంటుంది. లోకో పైలట్ ఇష్టాన్ని బట్టి కాదు. ఒక లెక్క వేసి చూద్దాం. చక్రం వ్యాసం 1.5 మీటర్లు, గేర్ లేకుండా మోటర్ నేరుగా రాడ్లతో చక్రాన్ని తిప్పుతుంది, మోటర్‌కి 8 పోల్స్, ఫ్రీక్వెన్సీ 15 హెర్ట్జ్. సింక్రనస్ వేగం (ఆ అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం) 120 ఇంటూ 15 బై 8, అంటే నిమిషానికి 225 చుట్లు. చక్రం ఒక చుట్టుకి 4.71 మీటర్లు పోతుంది. గంటకి సుమారు 64 కిలోమీటర్లు. అదే మోటర్‌కి 50 హెర్ట్జ్ ఇస్తే 212 కిలోమీటర్లు వస్తుంది! ఆ కాలం పట్టాల మీద అది ఊహకే అందదు. ఇళ్లకి, ఫ్యాక్టరీలకి వాడే కరెంటు కాకుండా ప్రత్యేకంగా 15 హెర్ట్జ్ దగ్గర ఎందుకు తయారుచేశారో ఈ లెక్కలోనే తెలుస్తుంది. తర్వాతి రోజుల్లో 16⅔ హెర్ట్జ్‌కి మారినా కారణం ఇదే. దీనివల్ల రైల్వేకి తన సొంత పవర్ హౌస్ తప్పనిసరైంది. ఆ ఖర్చు తర్వాత చాలా బరువైంది.

64 కాకుండా ఇంకో వేగం కావాలంటే కాస్కేడ్ అనే ఉపాయం. మొదటి మోటర్ రోటర్ నుంచి వచ్చే కరెంటుని రెండో మోటర్‌కిస్తారు. రెండూ కలిసి సగం వేగంలో, అంటే 32 దగ్గర స్థిరపడతాయి. కొండ ఎక్కేటప్పుడు 32, చదునులో 64. మధ్యలో వేరే వేగం లేదు. మన ట్యాప్ చేంజర్ లోకోలకి 32 నోచ్‌లు (వేగం పెంచే మెట్లు), అదీ చాలక ఫీల్డ్ వీకెనింగ్ అని వేగం పెంచే ఇంకో ఉపాయం ఉండేది. వాళ్లకి రెండే రెండు.

మరి ఆగిన రైలుని కదిలించేది ఎలా? ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. రోటర్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ పెట్టి మెల్లగా తగ్గించాలి. డీసీ లోకోల్లో అయితే గ్రిడ్ రెసిస్టర్లు, కాంటాక్టర్లు (పెద్ద స్విచ్చులు). వాళ్లు వాడింది నీళ్లు. ఒక ట్యాంకులో సోడా కలిపిన నీళ్లు, పైన వేలాడే ఇనుప పలకలు. ఆ పలకలే రోటర్ కనెక్షన్లు. డ్రైవర్ కంప్రెస్డ్ ఎయిర్ వదిలితే నీటి మట్టం పైకి లేస్తుంది. పలకలు మునిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది, రైలు ఊపందుకుంటుంది. పూర్తిగా మునిగాక రోటర్‌ని షార్ట్ చేసేస్తారు. నోచ్‌కి నోచ్‌కి మధ్య కుదుపు ఉండదు, నీరు లేచినంత మెత్తగా టార్క్ (తిప్పే బలం) పెరుగుతుంది. బరువైన గూడ్స్ ఎత్తు మీద స్టార్ట్ చేసినవాళ్లకి ఆ మెత్తదనం విలువ తెలుస్తుంది. కాకపోతే ఆ వేడి అంతా నీళ్లలోకే పోతుంది కదా, నీళ్లు మరుగుతాయి. బొగ్గు లేని ఇంజిన్ నుంచి ఆవిరి బుసబుసమని రావడం ఆ రోజుల్లో మామూలు దృశ్యం. నీళ్లు ఆవిరైపోతే మళ్లీ నింపుకోవాలి, సోడా పాళ్లు చూసుకోవాలి.

దిగుడులో మాత్రం ఈ మోటర్‌ని మించింది లేదు. రైలు బరువుకి మోటర్ సింక్రనస్ వేగం కన్నా కాస్త ఎక్కువ తిరగబోతే, ఏ స్విచ్చూ మార్చకుండానే జనరేటర్ అయిపోయి కరెంటుని తీగలోకి తిరిగిస్తుంది, రైలుని పట్టి ఉంచుతుంది. 64 దగ్గర దిగుతున్న రైలు 66కో 67కో పోతుంది, అంతే. బ్రేక్ బ్లాకులు ఎర్రగా కాలే పని లేదు. ఈరోజు మనం రీజెనరేటివ్ బ్రేకింగ్‌లో ఇన్ని యూనిట్లు ఆదా చేశామని షెడ్డు షెడ్డుకీ లెక్కలు రాస్తున్నామే, ఆ పని వీళ్ల మోటర్ 1902లోనే దానంతటదే చేసింది. ఒక్కటే షరతు, ఆ తిరిగొచ్చే కరెంటు తీసుకునేవాడు ఉండాలి. అదే సమయానికి ఇంకో రైలు ఎక్కుతూ ఉంటే సరే. లేకపోతే దాన్ని ఎక్కడో ఖర్చుపెట్టాలి.

ఇక కష్టాలు. మొదటిది పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు చీలే చోట. ఒకే తీగ ఉంటే రెండు లైన్లు కలిసేచోట తీగకి తీగ ఆనించేస్తే సరిపోతుంది. రెండు తీగలున్నప్పుడు ఒక లైన్ తాలూకు మొదటి ఫేజ్ తీగ, పక్క లైన్ రెండో ఫేజ్ తీగని అడ్డంగా దాటుతుంది. తాకితే షార్ట్ సర్క్యూట్. కాబట్టి ప్రతి క్రాసింగ్ దగ్గరా ఇన్సులేట్ చేసిన ముక్క పెట్టాలి. ఆ ముక్క కింద కలెక్టర్‌కి కరెంటు అందదు. అందుకే లోకో మీద ముందొకటి వెనకొకటి దూరదూరంగా రెండు కలెక్టర్లు, ఒకటి డెడ్ సెక్షన్‌లో ఉన్నప్పుడు రెండోది లైవ్‌లో ఉండేలా. మనకి పదుల కిలోమీటర్లకొక న్యూట్రల్ సెక్షన్ (కరెంటు లేని తీగ ముక్క) వస్తేనే డీజే (లోకో మెయిన్ స్విచ్చు) ఓపెన్ చేసి, దాటాక క్లోజ్ చేసి, బోర్డులు చూసుకుంటూ పోతాం. వాళ్లకి యార్డులో పాయింట్ పాయింట్‌కీ ఈ బెడదే. పెద్ద జంక్షన్ పైన ఆ తీగల అల్లిక ఎలా ఉంటుందో ఊహించుకోండి. దాన్ని మెయింటెయిన్ చేసే ఓహెచ్ఈ (పైతీగల) గ్యాంగ్ పాట్లు ఇంకా ఊహించుకోండి. వేగం పెరిగేకొద్దీ రెండు తీగలనూ వదలకుండా తాకడం కూడా కష్టమే.

రెండోది బయటికి కనిపించని కష్టం, షెడ్డువాళ్లకే తెలిసేది. ఒక రైలుకి రెండు లోకోలు కట్టారనుకోండి. పూర్తి లోడ్‌లో మోటర్ స్లిప్ (సింక్రనస్ వేగం కన్నా మోటర్ ఎంత వెనకబడుతుందో అది) 3 శాతం అనుకుందాం. ఒక లోకో చక్రాలు కొత్తవి, రెండోదానివి అరిగినవి. తేడా ఒక్క శాతం, అంటే 1.5 మీటర్లలో 15 మిల్లీమీటర్లు. రైలు వేగం రెండింటికీ ఒకటే కాబట్టి పెద్ద చక్రం ఒక శాతం తక్కువ తిరుగుతుంది, ఆ మోటర్ స్లిప్ ఒక శాతం ఎక్కువవుతుంది. అంటే ఫుల్ లోడ్‌లో మూడో వంతు అదనపు బరువు కొత్త చక్రాల లోకో మీద పడుతుంది. డీసీ సిరీస్ మోటర్ ఇలాంటి తేడాని చాలావరకు సర్దుకుంటుంది, లోడ్ పెరిగితే అదే వేగం తగ్గించుకుంటుంది కనుక. ఇండక్షన్ మోటర్ సర్దుకోదు. ఎక్కువ లాగుతున్న లోకోలో కాస్త రెసిస్టెన్స్ వదిలి ఉంచి సమం చేయాలి, లేదా వీల్ టర్నింగ్‌లో (చక్రాలు చెక్కేటప్పుడు) వ్యాసాలు జత కలపాలి. పిట్ వీల్ లేత్ దగ్గర పనిచేసిన ఎవరికైనా ఇది ఎంత తలనొప్పో చెప్పనక్కర్లేదు.

ఇన్ని ఇబ్బందులున్నా ప్రయోగం గెలిచింది. 1905 జులై 1న ఇటలీ రైళ్లు ప్రభుత్వ పరమై ఎఫ్ఎస్ అనే సంస్థ ఏర్పడింది. దాని ముందున్న పెద్ద తలనొప్పి జోవి ఘాట్. జెనోవా రేవు నుంచి సరుకంతా 1,000కి 35 ఎత్తు మీదుగా, పొడవాటి సొరంగంలోంచి పైకి రావాలి. 1898లో ఆ సొరంగంలో పొగకి ఇంజిన్ సిబ్బంది స్పృహ తప్పి, రైలు వెనక్కి జారి ఘోర ప్రమాదం జరిగింది. అక్కడికి కరెంటు తప్పదని తేలింది, ఎలాంటి కరెంటు అన్నదానికి వాల్తెల్లీనా అనుభవం చేతిలో ఉంది. కాండో ఇటలీకే వచ్చి వాడో లిగూరేలోని వెస్టింగ్‌హౌస్ ఫ్యాక్టరీలో డిజైన్ బాధ్యత తీసుకున్నాడు. అక్కడ తయారైందే ఈ.550. ఐదు యాక్సిళ్లు, సుమారు 2,000 హార్స్‌పవర్, 25, 50 కిలోమీటర్ల రెండు వేగాలు. 186 లోకోలు కట్టారు. 1910లో జోవి మీద పని మొదలుపెట్టాయి. ఈలోగా 1906లో సింప్లాన్ సొరంగం తెరిచేసరికి అక్కడి త్రీ-ఫేజ్ సర్వీసుకి లోకోలు సిద్ధంగా లేక, వాల్తెల్లీనా కోసం కట్టిన ఈ.360 రకం లోకోలను అరువు తీసుకున్నారు. మారుమూల లోయ బ్రాంచ్ లైన్ నుంచి అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైన రైలు సొరంగానికి ఇంజిన్లు వెళ్లాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరకక ఇటలీ నానా అవస్థలు పడింది. దాంతో త్రీ-ఫేజ్ ఇంకా పాకింది: పీడ్‌మాంట్, లిగూరియా, ఆ తర్వాత బ్రెన్నర్ లైన్. చివరి తరం ఈ.432 లోకోల్లో వేగాలు నాలుగయ్యాయి: 37.5, 50, 75, 100. అంతకుమించి సాగలేదు. 1920ల చివర్లో బెనెవెంతో-ఫోజ్జా మధ్య 3,000 వోల్టుల డీసీ ప్రయత్నించారు. పైన ఒకటే తీగ, నచ్చిన వేగం, పవర్ మామూలు గ్రిడ్ నుంచే తీసుకుని రెక్టిఫై చేసుకోవచ్చు (డీసీగా మార్చుకోవచ్చు). ఇక త్రీ-ఫేజ్‌కి రోజులు దగ్గరపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తీగలు, సబ్‌స్టేషన్లు ఎలాగూ ధ్వంసమయ్యాయి, మళ్లీ కట్టేటప్పుడు చాలాచోట్ల డీసీనే కట్టారు. వాల్తెల్లీనా కూడా 1950ల్లో 3,000 వోల్టుల డీసీకి మారింది. దేశంలో ఆఖరి త్రీ-ఫేజ్ లైన్ ఆక్వీ తెర్మే వైపుది, 1976 మేలో ఆగింది. 1902 నుంచి లెక్కేస్తే డెబ్బై ఏళ్లు దాటింది. ఓడిపోయిన టెక్నాలజీ అని కొందరు తేలిగ్గా రాసేస్తారు. డెబ్బై ఏళ్లు రోజూ గూడ్స్ లాగిన దాన్ని అలా అనడం నాకు నచ్చదు.

అసలు దీని లోపం ఏమిటో అందరికన్నా ముందు గ్రహించింది కాండోయే. 1915లో ఇటలీ, ఆస్ట్రియా-హంగేరీ యుద్ధంలో శత్రువులయ్యాయి, ఆయన ఇటలీలో ఉండే వీలు లేకపోయింది. హంగేరీలో మళ్లీ గాంజ్‌లో కూర్చుని రెండు ప్రశ్నలు వేసుకున్నాడు. పైన ఒక్క తీగే ఉంటే? ఆ తీగలో మామూలు గ్రిడ్ తాలూకు 50 హెర్ట్జ్ కరెంటే పారితే? దానికి జవాబుగా లోకో లోపలే ఒక పెద్ద తిరిగే యంత్రం పెట్టాడు. ఫేజ్ కన్వర్టర్ అంటారు. సింగిల్ ఫేజ్ తీసుకుని, లోపల బహుళ ఫేజులుగా మార్చి ఇండక్షన్ మోటర్‌కి ఇస్తుంది. 16,000 వోల్టులు, 50 హెర్ట్జ్. 1923లో ప్రయోగ లోకో పట్టాలెక్కింది, 1930ల మొదట్లో బుడాపెస్ట్-హెగ్యెష్‌హాలోమ్ లైన్ మీద పూర్తి సర్వీసు మొదలైంది. కాండో దాన్ని చూడలేదు, 1931 జనవరిలో చనిపోయాడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వస్తాను. డబ్ల్యూఏపీ-7 పైన ఉన్నది ఒక్క తీగ, 25,000 వోల్టులు, సింగిల్ ఫేజ్, 50 హెర్ట్జ్. లోపల ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని దించుతుంది, కన్వర్టర్ డీసీ చేస్తుంది, ఇన్వర్టర్ ఆ డీసీ నుంచి మూడు ఫేజులు పుట్టించి ఆరు ట్రాక్షన్ మోటర్లకిస్తుంది. కాండో తిరిగే యంత్రంతో చేయించిన పని ఇక్కడ సెమీకండక్టర్లు చేస్తాయి. ఇంకో పెద్ద తేడా, ఈ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని కూడా మార్చగలదు. లోకో పైలట్ లివర్ ముందుకు తోస్తే ఫ్రీక్వెన్సీ సున్నా దగ్గర నుంచి మెల్లగా పెరుగుతుంది, వేగం దాని వెంటే వస్తుంది. 15 హెర్ట్జ్ పవర్ హౌస్ అక్కర్లేదు, కాస్కేడ్ అక్కర్లేదు, సోడా నీళ్లు అక్కర్లేదు. మన దేశానికి ఈ టెక్నాలజీ 1993లో ఏబీబీ కంపెనీతో కుదిరిన ఒప్పందంతో వచ్చింది. డబ్ల్యూఏపీ-5, డబ్ల్యూఏజీ-9 ముందు దిగుమతయ్యాయి, తర్వాత చిత్తరంజన్‌లో తయారీ మొదలైంది, డబ్ల్యూఏజీ-9 నుంచే డబ్ల్యూఏపీ-7 పుట్టింది. లాలాగూడ షెడ్ లోకో సికింద్రాబాద్ స్టేషన్‌లో మీ రైలుకి తగిలినప్పుడు, ఆ కింద తిరిగేది కమ్యుటేటర్ లేని ఇండక్షన్ మోటరే. చక్రాల వ్యాసం తేడా గొడవ మాత్రం పూర్తిగా పోలేదు. ఒకే ఇన్వర్టర్ నుంచి ఒక బోగీలోని (లోకో కింద చక్రాలను మోసే చట్రం) మూడు మోటర్లూ నడిచే లోకోల్లో ఆ మూడు చక్రాల జతల వ్యాసాలు పరిమితి దాటకుండా చూసుకోవాలి. లెక్క పైన చెప్పిందే.

చివరగా, ఇప్పుడు వెళ్తే ఏం చూడొచ్చు? లైన్ బ్రతికే ఉంది, బాగా నడుస్తోంది. మిలానో సెంత్రాలే నుంచి లెక్కో, సోండ్రియో మీదుగా తిరానోకి త్రేనోర్డ్ సంస్థ రీజినల్ రైళ్లు ఉన్నాయి, రెండున్నర గంటల ప్రయాణం. లెక్కో దాటాక సింగిల్ లైనే, కాబట్టి ఒక రైలు లేటయితే ఎదురు రైలు కూడా క్రాసింగ్ కోసం ఆగుతుంది. అక్కడివాళ్లకి దీనిమీద కోపం చాలానే ఉంది. 2026 శీతాకాల ఒలింపిక్స్‌కి పై లోయలోని బోర్మియో ఒక వేదిక కావడంతో లైన్ మీద, స్టేషన్లలో పనులు చేపట్టారు. బోర్మియోకి మాత్రం రైలు లేదు, తిరానోలో దిగి బస్సెక్కాలి.

మిలాన్ నుంచి వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు చూసుకోండి, లెక్కో నుంచి కోలికో దాకా సరస్సు అటే ఉంటుంది. సొరంగానికి సొరంగానికి మధ్య కొన్ని క్షణాలు నీళ్లు కనిపించి మాయమవుతుంటాయి. పొగబండి రోజుల్లో ఆ సొరంగాల్లో ప్రయాణికుల పరిస్థితి ఏమిటో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. వరెన్నాలో దిగి ఫెర్రీలో బెల్లాజియోకి వెళ్లేవాళ్లే ఎక్కువ. మీరు దిగకుండా కోలికో దాకా వెళ్లండి, కియావెన్నా బ్రాంచ్ అక్కడే విడిపోతుంది. సోండ్రియో-తిరానో ముక్క వేరే కంపెనీ కట్టింది, అదీ 1902లోనే తెరిచారు. తిరానోలో ఎదురుగా ఇంకో చిన్న స్టేషన్ కనిపిస్తుంది. అక్కడి నుంచి ఎర్ర బెర్నీనా రైలు, మీటర్ గేజ్, 1910 నుంచి ఆల్ప్స్ దాటి సెయింట్ మోరిట్జ్ దాకా పోతుంది. ఊరి వీధుల్లోంచి, చర్చి ముందున్న కూడలిలోంచి ట్రామ్ లాగా దాటిపోతుంది.

రెండు తీగలు మాత్రం లైన్ మీద ఎక్కడా లేవు. వాటి కింద తిరిగిన లోకో చూడాలంటే మిలాన్‌లో లియొనార్డో డావించీ పేరున్న సైన్స్ అండ్ టెక్నాలజీ మ్యూజియంకి వెళ్లండి. వాల్తెల్లీనా తాలూకు ఈ.430, జోవి తాలూకు ఈ.550 రెండూ రైల్వే హాల్లో ఉన్నాయి. ముందు తలెత్తి ఈ.430 పైకప్పు చూడండి. రెండు ఫేజులకి విడివిడిగా ఉన్న కలెక్టర్ భాగాలు, వాటి ఇన్సులేటర్లు కనిపిస్తాయి. తర్వాత ఈ.550 పక్కకి వచ్చి చక్రాలను కలిపే రాడ్లు చూడండి, మోటర్ నుంచి చక్రానికి గేర్ లేకుండా తిరుగుడు ఎలా అందిందో తెలుస్తుంది. వెళ్లేముందు వెబ్‌సైట్‌లో ఆ రోజు హాలు తెరిచి ఉందో లేదో చూసుకోండి. ఒక పూట దానికే కేటాయిస్తే సరిపోతుంది, మరుసటి రోజు పొద్దున్నే తిరానో రైలెక్కండి.